బోర్డు బడి ఎవరిది?

చెరుకుపల్లిలో గానీ, ఆ చుట్టుపక్కల రేపల్లె, తెనాలి, బాపట్ల ఊళ్లల్లో గానీ బాగా వయసు మళ్లినవారిని "మీరెక్కడ చదువుకున్నారండీ?" అని అడిగి చూడండి. "బోర్డు స్కూల్లో" అంటారు. బోర్డంటే నల్లబల్ల కాదు, గేటు మీద పేరు పలకా కాదు, జిల్లా బోర్డు. ఆ బోర్డు పోయి అరవై ఏళ్లు దాటింది. పేరు మాత్రం అత్తగారి నాటి ఇత్తడి బిందెలాగా ఇంకా వాడుకలోనే ఉంది.

అన్నట్టు, బడికి పేరు మారినప్పుడల్లా దాని ఖర్చు చూసే చెయ్యి కూడా మారుతూ వచ్చింది. ఆ చేతుల కథే మన ఊరి చదువుల కథ.

మొదట్లో ఏ బోర్డూ లేదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బళ్లెన్ని ఉన్నాయో లెక్క తీయమన్నాడు. గుంటూరు జిల్లా లెక్కలో 574 బళ్లు తేలాయి. వాటిల్లో మగపిల్లలు 7,622 మంది, ఆడపిల్లలు 102 మంది! ఆ నూటరెండు మంది ఎవరి బిడ్డలో గానీ, అదృష్టవంతులు. ఆ వీధి బళ్లకు సర్కారు సొమ్ముతో పని లేదు. అరుగు మీద పంతులుగారు, నెలకింత రొక్కమో, ధాన్యమో ఇచ్చే తల్లిదండ్రులు. జీతం ఇచ్చేవాళ్లే చదువెలా వస్తోందని అడిగేవాళ్లు. చిక్కల్లా ఒకటే: ఇచ్చుకోలేని ఇంటి పిల్లకి చదువు లేదు.

తర్వాత సర్కారు చెయ్యి వేసింది. 1854లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఉడ్ దొర తాఖీదు, ప్రైవేటు బళ్లకు గ్రాంటు ఇవ్వమంది. ఆ పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో, ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెట్టి, పాసైన పిల్లల తలలు లెక్కపెట్టి పంతులుగారికి డబ్బిచ్చే పద్ధతి కూడా నడిచింది. పిల్లవాడికి జ్వరం వస్తే పంతులుగారి ఇంట్లో పొయ్యి మీద ఎసరు తగ్గేదన్నమాట!

అసలు మలుపు 1871లో వచ్చింది. మద్రాసు స్థానిక నిధుల చట్టం కింద, భూమి మీద శిస్తుకు తోడు రూపాయికి అణా దాకా సెస్సు వేశారు. రోడ్లు, ఆసుపత్రులు, బళ్లు అన్నీ అందులోంచే నడవాలి. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడి ఆ పెత్తనం అందుకున్నాయి. అప్పటికి బెజవాడ ఆనకట్ట కట్టి మూడు దశాబ్దాలు. మన పడమటి డెల్టాలో కాలవ నీళ్లు పారుతున్నాయి. వరి చేల మీద వసూలైన అణాలే బడి గోడలూ, పంతులుగారి జీతాలూ అయినాయి. 1920 ప్రాథమిక విద్యా చట్టం బళ్ల కోసం విడిగా విద్యా పన్ను వేసుకునే అధికారం కూడా ఇచ్చింది. బడి ఎవరిదని ఆనాటి రైతు నడిగితే "మాదే, మా సెస్సుతో నడుస్తోంది" అనగలిగేవాడు. అనగలిగింది రైతే గానీ రైతు భార్య కాదు. ఆస్తినీ పన్నునీ చూసి ఓటిచ్చే రోజులవి. పట్టాల మీద ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉండేవి గనక!

రాష్ట్రం వచ్చాక ఇల్లు మళ్లీ సర్దారు. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూగారు మన రాష్ట్రంలో పంచాయతీరాజ్యం ప్రారంభించారు. జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చాయి. హైస్కూళ్లు పరిషత్తుకి, చిన్న బళ్లు సమితికి. 1980లలో సమితులు పోయి మండలాలు వచ్చాయి, చెరుకుపల్లి కూడా ఒక మండలమైంది. అదే "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అన్న పేరు పుట్టుక.

పేరు ఊరి దగ్గరికి జరుగుతుంటే, డబ్బు సంచీ మాత్రం దూరం జరిగింది. అణా సెస్సుతో జీతాలు తీరే కాలం పోయింది. టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తోంది. 1976లో రాజ్యాంగం సవరించి చదువును కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి జాబితాలో చేర్చారు. 2018లో వచ్చిన సమగ్ర శిక్షలో ఢిల్లీ వాటా నూటికి 60, రాష్ట్రం వాటా 40. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయింది గానీ, పరిషత్తు అప్పటికి గుంటూరులోనే ఉండిపోయింది. బడి మీద పేరు ఒకరిది, జీతం ఒకరిది, బదిలీ ఒకరిది, వంట మహిళా సంఘాలది. మరి కుళాయి పాడైతే ఎవరిని అడగాలి? ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇది కాగితాల గొడవ అనుకోకండి. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని దగ్గరి హైస్కూళ్లలో కలపమని ఉత్తర్వు వచ్చింది. 2025లో అదే ఉత్తర్వు వెనక్కి వెళ్లింది. రెండూ పైన జరిగిన నిర్ణయాలే. ఎనిమిదేళ్ల పిల్లని రోడ్డు దాటించి దిగబెట్టి, మళ్లీ వేళకి పొయ్యి దగ్గరికి పరుగెత్తే పని మాత్రం తల్లిది.

అయితే ఒక కుర్చీ మనకీ వేసి ఉంది. 2010 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నూటికి 75 మంది తల్లిదండ్రులు. మొత్తంలో సగం మంది స్త్రీలు. బడికి ఏం కావాలో ప్రణాళిక రాయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడడం ఆ కమిటీ పని. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రుల సమావేశాలు జరిగిన రోజున ముఖ్యమంత్రి కూడా మన బాపట్ల మున్సిపల్ హైస్కూలుకే వచ్చారు. అలాంటి రోజున ఫొటోలకి కొదవుండదు. రిజిస్టరులో ఏం రాశారన్నదే అసలు సంగతి.

చాలా చోట్ల ఆ రిజిస్టరు ఇంటికొస్తుంది. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అంటారు. పెట్టే ముందు మూడు మాటలు అడగండి: ఈ ఏడు గ్రాంటెంత వచ్చింది? దేనికి ఖర్చయింది? ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా? కూరగాయల వాడి దగ్గర అర్ధరూపాయి లెక్క తప్పనివ్వని మనకి ఈ లెక్క కష్టమేం కాదు. 574 బళ్లలో 102 మందితో మొదలైన వాళ్లం, ఇప్పుడు కమిటీలో సగం మందిమి. సమావేశం చీటీ వస్తే, వంట ఒక గంట ముందే ముగించుకుని వెళ్లి రండి.