మరియ, కోరమాండల్ తీరము

బందరులో వలందపాలెం ఉన్నది. వలందులంటే హాలెండువారు. 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో బందరులో వర్తకస్థానము పెట్టి, అద్దకపు బట్టలు ఓడలకెక్కించారు. 1824 సంధితో ఇండియాలోని తమ స్థావరములన్నిటిని ఇంగ్లీషువారికి వదిలారు. మా అమ్మమ్మగారి పుట్టింటి పేరు వారిదే.

2012లో వేదాంత విద్యకై లైడెన్ వెళ్లినప్పుడు ఆ ఇంటిపేరుగల కుటుంబమును వెదకి పట్టుకున్నాను. మా పూర్వికుని అన్నగారి సంతతివారు. ఇంటి పెద్దావిడ కాఫీతో ఒక్క బిస్కత్తు ఇచ్చి డబ్బా మూత పెట్టారు. (అది అక్కడి మర్యాదేనట!) తరువాత పాత కుటుంబ బైబిలు తెచ్చారు. ముందు పుటలలో తరతరాల జననములు, వివాహములు ఉన్నవి. మా పూర్వికుని పేరు ప్రక్కన భార్య పేరు: "మరియ, కోరమాండల్ తీరము." తండ్రి పేరు లేదు, ఊరు లేదు.

"ఎంత అందమైన పేరు!" అన్నారావిడ. నాకు మాట రాలేదు. కరువులలో అమ్ముడుపోయిన మనవారిని 17వ శతాబ్దములో ఈ తీరమునుండి బటావియాకు ఓడలలో తీసికొనిపోయినవారిలో వలందులున్నారు. బానిసలకు ఇంటిపేరుగా పుట్టిన సీమ పేరు తగిలించడము వారి వాడుక. ఈమె ఇష్టపడి వచ్చినదో, కొనబడినదో ఆ పుట చెప్పలేదు.

తిరిగి వచ్చి అమ్మమ్మగారిని అడిగాను. ఆమెకు తెలిసినది ఒక్కటే: వారి ఇంట పెద్దపిల్లకు మరియ అని పెడతారు. ఆమె పేరు కూడ అదే.