చిన్న లేతు చరిత్ర: తిన్నదనము ఎక్కడినుండి వచ్చును?

కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాల వెనుక గదిలో ఒక చిన్న లేతు గోనెపట్టా కప్పుకొని మూలపడి యుండెను. ‘టేపరు తీయును, పనికిరాదు’ అని సుద్దముక్కతో వ్రాసిన పలక యొకటి దానికి వ్రేలాడుచుండెను. దానిపై చెక్కిన కడ్డీ ఈ కొసనుండి ఆ కొసవరకు ఒకే లావున ఉండక, ఒక ప్రక్క లావుగను, మరియొక ప్రక్క సన్నముగను వచ్చుచుండెను. చివరకు దానిని పాత ఇనుము క్రింద తూకమునకు అమ్మివేయవలెనని నిర్ణయము జరిగెను. ఆ కాగితముపై సంతకము చేసినవారిలో నేనును ఒకడను.

ఆ తీర్పు న్యాయమైనదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు, లేతు అను యంత్రము కడ్డీని తిన్నగా ఎట్లు చెక్కగలుగుచున్నదో, ఆ శక్తి దానికి ఎక్కడినుండి వచ్చినదో తెలిసికొనవలెను. అది రెండు వందల యేండ్లకు పైబడిన కథ.

తరిమెన నుండి లేతు వరకు

లేతునకు మూలమైన ఆలోచన చాల ప్రాచీనమైనది. వస్తువును గిరగిర త్రిప్పుచు, ఉలిని దానికి ఆనించి పట్టుకొనినచో వస్తువు గుండ్రముగా తయారగును. దీనినే మనవారు తరిమెన పట్టుట యందురు. ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రను ఈ విధముగనే బొమ్మలుగా మలచి లక్క రంగులు వేయుదురు. ఈజిప్టు దేశములో క్రీస్తుపూర్వము సుమారు 300 నాటి పెటోసిరిస్ సమాధి గోడపై తరిమెన చిత్రము కలదు. అందులో ఒకడు పట్టెను లాగి వస్తువును త్రిప్పుచుండగా, రెండవవాడు ఉలి పట్టుకొని యుండును.

ఇట్టి తరిమెనలో వస్తువు యొక్క గుండ్రదనము భ్రమణము వలన వచ్చును. కాని పొడవునా తిన్నదనము పనివాని చేతినుండియే రావలెను. మెత్తని కర్ర విషయములో నేర్పరియైన చేయి చాలును. ఇనుము విషయములో చాలదు. లోహము ఉలిని గట్టిగా వెనుకకు నెట్టును. చేయి అలసిపోవును, అలసిన చేయి వణకును.

కావున ఉలిని చేతితో గాక, తిన్నని పట్టాలపై జరుగు ఒక పీటకు బిగించి నడుపవలెను. ఇందుకు రెండు నియమములు కలవు. పట్టాలు నిజముగా తిన్నగా ఉండవలెను. అవి కడ్డీ తిరుగు అక్షమునకు సమాంతరముగా ఉండవలెను. మొదటి నియమమును పరిశ్రమ సాధించినది. రెండవది మాత్రము లేతును నిలబెట్టుకొను ప్రతివాడును తన గదిలో మరల సాధించుకొనవలసియున్నది.

మాడ్‌స్లే చేసిన పని

ఉలిని పీటకు బిగించుట ఒక్కని సృష్టి కాదు. ఫ్రాన్సు దేశములో వోకాన్సన్ సుమారు 1750 ప్రాంతమున అట్టి లోహపు లేతును నిర్మించెను. ఇంగ్లండులో జెస్సీ రామ్స్‌డెన్ 1770ల దశకములో సున్నితమైన మరలను చెక్కు లేతులను తయారుచేసెను. ఈ అంగములన్నిటిని ఒకచో చేర్చి, కార్ఖానాలో నిత్యము పనిచేయు యంత్రముగా తీర్చినవాడు హెన్రీ మాడ్‌స్లే.

అతడు 1771లో ఇంగ్లండులోని వూల్విచ్‌లో జన్మించెను. పండ్రెండవ యేటనే అక్కడి ఆయుధాగారములో పనికి కుదిరెను. పదునెనిమిదవ యేట తాళముల నిర్మాతయైన జోసెఫ్ బ్రామా వద్ద చేరెను. జీతము పెంచుమని అడుగగా బ్రామా అంగీకరింపనందున 1797లో అతనిని వీడి, సొంతముగా దుకాణము పెట్టుకొనెను. సుమారు 1800 నాటికి అతడు చేసిన మరలు చెక్కు లేతు నేడు లండను సైన్సు మ్యూజియములో కలదు. అది బల్లమీద అమరునంత చిన్నది. దాని పట్టాలు త్రికోణాకారపు లోహపు కడ్డీలు. వాటిపై ఉలిపీట జరుగును. ఆ పీటను నడుపుటకు పొడవైన మర, అనగా లీడ్ స్క్రూ, యొకటి కలదు. తిరుగుచున్న కడ్డీకిని ఆ మరకును మధ్య పండ్ల చక్రములు అమర్చబడియున్నవి. చక్రములను మార్చినచో కడ్డీపై పడు మరచుట్ల దగ్గరతనము మారును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. లీడ్ స్క్రూలో దోషమున్నచో ఆ దోషము దానితో చెక్కిన ప్రతి మరలోనికి దిగును. మరి మొదటి మంచి మర ఎక్కడినుండి వచ్చినది? మాడ్‌స్లే ఏటవాలుగా నిలిపిన కత్తిని మెత్తని కడ్డీకి ఆనించి మొదటి మరలను గీసెను. వాటిని కొలిచి, తప్పులు దిద్ది, వాటితో మరికొన్ని మంచి మరలను చెక్కెను. వానితో ఇంకను మంచివి. ప్రతి మెట్టునందును ముందు కొలత, తరువాత దిద్దుబాటు. మన ప్రయోగశాలలలో విద్యార్థులు తీగె మందమును కొలుచు స్క్రూ గేజిలోని మర ఈ వంశములోనిదే.

మూడు పలకల రహస్యము

మరకు వలెనే సమతలమునకును ఇదే ప్రశ్న. సమతలమైన పట్టా కావలెనన్న దానిని పోల్చి చూచుటకు అంతకంటె సమతలమైన పలక కావలెను. ఆ పలకకు మరొక పలక. దీనికి అంతమెక్కడ?

మాడ్‌స్లే కార్ఖానాలో సమతల పలకలకు పెద్ద పీట వేయబడెను. ఆ కార్ఖానాలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గో నగరమున బ్రిటిష్ అసోసియేషను సమావేశములో, నిజమైన సమతలమును సాధించు పద్ధతిని వివరించెను. ఆ పద్ధతిలో రెండు పలకలు చాలవు, మూడు కావలెను. ఏలయన, రెండు పలకలు ఒకదానితో ఒకటి చక్కగా అతుకుకొనినను అవి సమతలములు కాకపోవచ్చును. ఒకటి కొంచెము ఉబ్బెత్తుగను, రెండవది అంతే పల్లముగను ఉండవచ్చును గదా! మూడవ పలక వచ్చినచో ఆ మోసము సాగదు. క అను పలక ఉబ్బెత్తయినచో, దానితో అతుకు ఖ, గ పలకలు రెండును పల్లముగా నుండవలెను. అప్పుడు ఖ, గ ఒకదానితో ఒకటి అతుకవు. ఏ రెండింటిని తీసికొనినను, ఏ వైపునకు త్రిప్పి యుంచినను అతుకుచున్నచో, మూడును సమతలములే.

పని చేయు విధము సులభమే. ఒక పలకపై నూనెలో కలిపిన రంగును పలుచగా పూసి రెండవదానిపై రుద్దుదురు. రంగు అంటిన చోట్లు ఎత్తైనవి. వాటిని స్క్రేపరుతో కొంచెము కొంచెముగా గీకుదురు. ఓర్పు తప్ప మరేదియు అక్కరలేదు. అంతకంటె మంచి వస్తువు ఏదియు చేతిలో లేకుండగనే, కేవలము పరీక్షచేత, మానవుడు తిన్నదనమును పుట్టించినాడు. ఇది యంత్రశాస్త్రములోని గొప్ప విజయములలో ఒకటి.

కార్ఖానా నుండి ఇంటి షెడ్డునకు

మొదట లేతును వినోదముగా వాడినవారు ధనవంతులు. లండనులోని హోల్ట్‌జాప్ఫెల్ సంస్థ 18వ శతాబ్ది చివరినుండి వారికొరకు ఖరీదైన అలంకార లేతులను తయారుచేసెను. సామాన్యునకు ఈ విద్య చేరువైనది 1898లో పెర్సివల్ మార్షల్ లండనులో ‘మోడల్ ఇంజనీర్’ అను పత్రికను ప్రారంభించిన పిమ్మట. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, కార్మికులు ఆ పత్రికను చదివి సాయంకాలములందు ఇంటి వెనుక షెడ్డులో చిన్న ఆవిరి యంత్రములను తయారుచేసిరి. వారికొరకు గిల్డ్‌ఫర్డ్‌లోని డ్రమ్మండ్ సోదరుల సంస్థ చిన్న లేతులను చేసెను. నాటింగ్‌హామ్ సమీపమున బీస్టన్‌లోని మైఫర్డ్ సంస్థ 1946లో ఎం.ఎల్. 7 అను లేతును విడుదల చేసెను. దాని అక్షము పట్టాలకు మూడున్నర అంగుళముల ఎత్తున ఉండును. బీస్టన్‌లోని ఆ కార్ఖానా 2011లో మూతపడినను, అచ్చట తయారైన లేతులు నేటికిని అనేకుల ఇండ్లలో పనిచేయుచున్నవి. ఆస్ట్రియాకు చెందిన ఎమ్కో సంస్థ 1950ల దశకములో బల్లమీద ఒక మూలను అమరునంతటి యూనిమాట్‌ను తెచ్చెను. ఇప్పుడు చైనాలో తయారైన చిన్న లేతులు అనేక దేశములకు చేరుచున్నవి.

ఉలి, వేగము, చక్రములు

లేతు ఎంత మంచిదైనను ఉలి మంచిది కానిచో ఫలము లేదు. మాడ్‌స్లే కాలమున ఉలులు కార్బను ఉక్కువి. వేగముగా చెక్కినచో వేడికి పదును పోవును. 1868లో రాబర్ట్ మషెట్ టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును తయారుచేసెను. 1900 ప్రాంతమున అమెరికాలో టేలర్, వైట్ అనువారు హైస్పీడ్ ఉక్కును రూపొందించిరి. కొన ఎఱ్ఱబారినను ఆ ఉలి కోయుచునే యుండును. చిన్న లేతునకు నేటికిని ఇది చక్కని ఉలి.

మెత్తని ఉక్కును హైస్పీడ్ ఉలితో నిమిషమునకు సుమారు 25 మీటర్ల వేగమున చెక్కవచ్చును. కడ్డీ వ్యాసము 20 మి.మీ. అయినచో దాని చుట్టుకొలత సుమారు 63 మి.మీ. కావున నిమిషమునకు దాదాపు 400 భ్రమణములు కావలెను. వ్యాసము రెట్టింపైనచో భ్రమణములు సగము కావలెను.

ఉలి కొన సరిగా అక్షము ఎత్తున ఉండవలెను. పలుచని ఉక్కు స్కేలును ఉలి కొనకును గుండ్రని కడ్డీకిని మధ్య తేలికగా నొక్కి చూడుడు. స్కేలు నిలువుగా నిలిచినచో ఎత్తు సరిపోయినది. దాని పై కొస మనవైపు వాలినచో ఉలి క్రిందుగా నున్నది. అవతలికి వాలినచో పైకి నున్నది.

చక్రముల లెక్క గణితోపాధ్యాయులకు ఉపయోగించును. లీడ్ స్క్రూపై అంగుళమునకు 8 చుట్లు కలవనుకొందము. అంగుళమునకు 16 చుట్ల మర కావలెనన్న, కడ్డీ ఒక చుట్టు తిరుగులోపల లీడ్ స్క్రూ అర చుట్టు తిరుగవలెను. అనగా 30 పండ్ల చక్రము 60 పండ్ల చక్రమును త్రిప్పవలెను. మరి ఒక మిల్లీమీటరు అంతరము గల మర కావలెనన్న? అంగుళమునకు 25.4 మి.మీ. కనుక నిష్పత్తి 8/25.4, అనగా 40/127. 127 ప్రధాన సంఖ్య. దానిని చిన్న చక్రములుగా విడదీయ వీలులేదు. అందుచేత అంగుళపు లేతుపై మెట్రిక్ మరలను లోపము లేకుండ చెక్కుటకు 127 పండ్ల చక్రము అవసరమైనది. 1956 నాటి శాసనముతో మన దేశము మెట్రిక్ పద్ధతికి మారినందున ఈ లెక్క మనకును పనికివచ్చినదే.

మా లేతు సంగతి

ఇక మా ప్రయోగశాలకు వత్తము. ఇనుము కొనువాడు రావలసిన వారమున, పదవీ విరమణ చేసిన ఒక వృద్ధ టర్నరు మరొక పనిమీద అచ్చటికి వచ్చెను. పలకమీది వ్రాత చదివి, “సారూ, దీన్ని బల్లకి బిగించింది ఎవరు?” అని అడిగెను. ఎవరికిని తెలియదు. “రసమట్టం ఉంటే ఇప్పించండి” అనెను.

రసమట్టమును పట్టాలకు అడ్డముగా, మొదట చక్కు వైపునను, పిదప రెండవ కొస వద్దను ఉంచి చూచెను. బుడగ రెండుచోట్ల ఒకే తావున నిలువలేదు. “మేస్త్రిగారూ, పోత ఇనుము గదా, అదెలా వంగుతుంది?” అని అడిగితిని. “మీ కుర్రాళ్ళకి స్ప్రింగు పాఠం చెప్తారు గదా సారూ. ఇదీ స్ప్రింగే. కాకపోతే కాస్త మొండిది” అని నవ్వెను.

నాకు సిగ్గు కలిగెను. హుక్ సూత్రము ప్రతి సంవత్సరము చెప్పుచున్నవాడను నేను. ఎగుడుదిగుడు బల్లపై లేతును పెట్టి బోల్టులను బిగించినచో పట్టాలు మెలిపడును. పట్టాలు మెలిపడినచో ఉలి మార్గము అక్షమునకు సమాంతరముగా నుండదు.

అతడు లావైన కడ్డీని చక్కులో బిగించి, రెండవ కొసకు ఆధారమీయక, ఇరుప్రక్కల మాత్రము ఒక్కొక్క పట్టీని వదలి నడుమ సన్నముగా చెక్కెను. తరువాత ఉలిని కదల్పక, ఆ రెండు పట్టీలపై మిక్కిలి పలుచని కోత తీసెను. కోత పలుచనైనందున కడ్డీ వంగదు. కనబడు తేడా లేతుదే యగును. స్క్రూ గేజితో నేనే కొలిచితిని. చక్కు వద్ద 20.02 మి.మీ., వెలుపలి కొసన 20.10 మి.మీ. వ్యాసములో తేడా 0.08, అనగా ఉలి మార్గములో తేడా అందులో సగము, 0.04 మి.మీ. మాత్రమే. వెలుపలి కొస లావుగా నున్నదనగా ఉలి అచ్చట మనవైపునకు తొలగినదన్నమాట. కావున ఆ కొసన ముందు కాలి క్రింద పలుచని ఇత్తడి రేకు పెట్టి, మరల బిగించి, మరల చెక్కెను. మూడవ పర్యాయము రెండు కొలతలలో స్క్రూ గేజికి అందు తేడా కనబడలేదు.

లేతులో దోషము లేదు. దానిని నిలబెట్టుటలో నున్నది. పరీక్షింపక తీర్పు చెప్పిన మాలో నున్నది. అమ్మకపు కాగితమును వెనుకకు తీసికొంటిమి. సుద్ద వ్రాతను ఆ వృద్ధుడే తుడిచివేసెను.

మాడ్‌స్లే మరలను, విట్‌వర్త్ పలకలను దిద్దిన మార్గమునకును, ఆ వృద్ధుడు మా లేతును దిద్దిన మార్గమునకును భేదము లేదు. తిన్నదనము యంత్రముతో కూడ కొని తెచ్చుకొను వస్తువు కాదు. కొలిచి, దిద్ది, మరల కొలిచి సంపాదింపవలసినది. ఉపాధ్యాయులు తమ పాఠశాలకు సమీపమున నున్న లేతు దుకాణమునకు విద్యార్థులను తీసికొనిపోయి ఈ రెండు పట్టీల పరీక్షను చూపింపవచ్చును. ఒక కడ్డీ, ఒక స్క్రూ గేజి, అరగంట కాలము చాలును.