కంభం ప్రాంతంలో క్రిస్మస్ ఆరాధన

కంభం ప్రాంతపు సంఘాలకు క్రిస్మస్ అంటే దేవుడు పశువుల పాకలో, పేదల మధ్య పుట్టిన పండుగ. ఆ అర్థానికి ఇక్కడ చరిత్ర బలం ఉంది. కంభం చెరువును నింపే గుండ్లకమ్మ నదిలోనే, దిగువన ఒంగోలు వైపు వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు 1876–78 కరవులో చితికిపోయిన మాదిగలు. పాకలో పుట్టిన రక్షకుడి కథ అంటరానితనాన్ని భరించినవారికి ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆరాధన విషయానికొస్తే, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలు క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను ఆగమన కాలంగా పాటిస్తాయి. బాప్టిస్టులకు ఆ నియమం లేదు; పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్, ఇంటింటి క్యారల్స్, 25న ఆరాధన ముఖ్యం. డిసెంబరు 31 అర్ధరాత్రి కూడికతో ఈ పండుగ రోజులు కొత్త సంవత్సరంలోకి సాగుతాయి.