గల్ఫ్ నుంచి తిరుపతికి వాపస్: అలిపిరి వైపు కాపురం పెడితే ఖర్చు ఎంత, లెక్క ఎలా?

రాయచోటి, పీలేరు, కలికిరి, మదనపల్లె ప్రాంతాల నుంచి కువైట్, సౌదీ వెళ్లిన ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. వాపస్ వచ్చేటప్పుడు సొంతూరికి బదులు తిరుపతిలో ఇల్లు చూసుకునేవారూ ఉన్నారు. పిల్లల చదువు, అమ్మానాన్నల వైద్యం ఇందుకు ముఖ్య కారణాలు. "ఇండియాలో అన్నీ చవకే కదా" అన్న ధీమాతో దిగితే మాత్రం ఆరు నెలల్లోనే చేతిలో డబ్బు తరిగిపోతుంది. బియ్యం, కూరగాయలు, ఆటో ఛార్జీలు అక్కడికంటే తక్కువన్నది నిజమే. లెక్క తప్పేది వేరే చోట.

కుటుంబాలు ఎందుకు వచ్చేస్తున్నాయి?

సౌదీ ప్రభుత్వం 2017 జులైలో విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై నెలకు తలకు 100 రియాళ్ల ఫీజు పెట్టింది. ఏటా 100 చొప్పున పెరిగి 2020 జులైకి అది 400 రియాళ్లయింది. భార్య, ముగ్గురు పిల్లలుంటే నెలకు 1,600, ఏడాదికి 19,200 రియాళ్లు. 2018 జనవరిలో 5 శాతంతో మొదలైన వ్యాట్ 2020 జులైలో 15 శాతానికి చేరింది. దీంతో చాలామంది ఇంటివాళ్లను పంపించేసి తాము ఒంటరిగా ఉండిపోయారు. అంటే ఒకే జీతం మీద రెండు పొయ్యిలు. అక్కడి గది అద్దె, తిండి ఖర్చు పక్కన పెట్టాకే ఇక్కడి బడ్జెట్ వేసుకోవాలి.

ఇల్లు

స్విమ్స్, రుయా, బర్డ్ ఆసుపత్రులు, ఎస్వీ మెడికల్ కాలేజీ అలిపిరి రోడ్డు చుట్టుపక్కలే ఉన్నాయి. పైగా తిరుమల వెళ్లే దారి. రోగుల బంధువులు, విద్యార్థులు, యాత్రికులు అందరికీ గదులు కావాలి కాబట్టి అద్దెలు అంత సులువుగా దిగవు. ఆసుపత్రి అవసరం నెలకు ఒకసారే అయితే ఊళ్లో మరో వైపు, మసీదు, హలాల్ మాంసం దుకాణం, స్కూలు దగ్గరగా ఉన్న వీధి చూసుకోవడం మేలు. అద్దెతో పాటు అడ్వాన్స్ ఎన్ని నెలలది, మెయింటెనెన్స్ ఎంత, ఎండాకాలం ట్యాంకర్ నీళ్ల ఖర్చు ఎవరిది అన్నవి ముందే అడగాలి.

కరెంటు

కువైట్‌లో చాలా ఇళ్లకు కరెంటు, నీళ్లు అద్దెలోనే కలిసిపోతాయి. అందుకే పగలూ రాత్రీ ఏసీ వేసే అలవాటు పడుతుంది. ఇక్కడ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. 2022 టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఈ లెక్కన 200 యూనిట్లు కాల్చితే రూ.867, 450 యూనిట్లు కాల్చితే దాదాపు రూ.3,036. వాడకం రెండింతలు దాటితే బిల్లు మూడున్నర రెట్లయింది. సర్దుబాటు ఛార్జీలు, ఇతర రుసుములు దీనికి అదనం.

వైద్యం

సౌదీలో ప్రైవేటు ఉద్యోగికి ఆరోగ్య బీమా కంపెనీయే కట్టాలి. ఉద్యోగం వదిలిన రోజే ఆ నీడ పోతుంది. ఇక్కడ కొత్త పాలసీ తీసుకుంటే షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. అందుకే వాపస్ రావడానికి ముందే కుటుంబం పేరిట పాలసీ మొదలుపెడితే ఆ గడువు కొంత ముందే గడిచిపోతుంది. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు.

పిల్లల చదువు

అక్కడి ఇండియన్ స్కూళ్లలో ఎక్కువగా సీబీఎస్‌ఈ సిలబసే. ఇక్కడా అదే బోర్డు స్కూల్లో చేర్పిస్తే పిల్లలకు తడబాటు తక్కువ. టీసీపై అటెస్టేషన్ అడిగే స్కూళ్లుంటాయి కాబట్టి ఆ పని అక్కడే ముగించుకుని రావాలి.

చాలామందికి ఆలస్యంగా తెలిసేది లోకల్ నిబంధన. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికుడు కావాలంటే సాధారణంగా ఇంటర్ పూర్తయ్యే నాటికి వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. అంటే 9వ తరగతికల్లా వచ్చేయాలి. పదో తరగతి అక్కడే ముగించి వస్తే స్థానిక కోటాలో ఇబ్బంది రావచ్చు, ఆ భారం ఫీజు రూపంలో ఇంటి మీద పడుతుంది. బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్‌కు అర్హత ఉన్నవాళ్లు కుల ధ్రువీకరణ పత్రానికి సచివాలయంలో ముందే దరఖాస్తు చేసుకోవాలి.

బ్యాంకు, పన్ను

శాశ్వతంగా వచ్చేశాక ఎన్‌ఆర్‌ఈ ఖాతాను అలాగే ఉంచకూడదు. బ్యాంకుకు చెప్పి సాధారణ ఖాతాగానో, విదేశీ కరెన్సీలోనే ఉండే ఆర్‌ఎఫ్‌సీ ఖాతాగానో మార్చుకోవాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఉన్న పన్ను మినహాయింపు ఆ తర్వాత వర్తించదు. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నవాళ్లకు మొదట్లో కొంతకాలం విదేశీ ఆదాయంపై వెసులుబాటు ఉంటుంది.

ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే ఈరోజు నెలకు రూ.30,000తో గడిచే ఇంటికి 12 ఏళ్లకు రూ.60,000 కావాలి. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు ఈ మాట ఇంకా గట్టిగా ఆలోచించాలి. డబ్బు ఊరికే ఖాతాలో ఉంటే దాని విలువ కరిగిపోతుంది. మొత్తం పొదుపు ఇంటి మీదే పోసేస్తే నెల ఖర్చుకు చేతిలో ఏమీ మిగలదు. అద్దె వచ్చే ఆస్తి, నడిచే వ్యాపారంలో వాటా, కొంత బంగారం ఇలా పంచుకోవాలి.

టికెట్ తీసుకునే ముందు

ఇంటివాళ్లు ఇప్పటికే ఇక్కడుంటే మూడు నెలలపాటు ప్రతి ఖర్చూ పుస్తకంలో రాయించండి. స్కూలు ఫీజు, బీమా, పండగలు, పెళ్లిళ్ల కానుకలు ఏడాదికి ఎంతవుతాయో చూసి 12తో భాగించి అందులో కలపండి. ఆ మొత్తాన్ని దీనార్లలోకి, రియాళ్లలోకి మార్చి చూడొద్దు, అలా చూస్తే ప్రతిదీ చవకగానే కనిపిస్తుంది. రేపటి సంపాదన రూపాయల్లో వస్తుంది, ఖర్చూ రూపాయల్లోనే చూడాలి. కనీసం ఏడాది ఖర్చు చేతిలో ఉంచుకున్నాకే ఇఖామా రద్దు గురించి కఫీల్‌తో మాట్లాడటం మంచిది.