రక్తం గ్రూపు జబ్బుల జాతకం కాదు

మహారాష్ట్రలోని చంద్రపూర్‌ను ఆనుకుని ఉన్న బొగ్గుగనుల ఊరు దుర్గాపూర్. ప్రమాదం జరిగినా, కాన్పు కష్టమైనా రక్తం గ్రూపు తెలియడం అక్కడ ప్రాణావసరం. అయితే గడిచిన వందేళ్లలో ఆ ఒక్క అక్షరానికి రక్తం ఎక్కించడంతో సంబంధం లేని అర్థాలు ఎన్నో అంటగట్టారు. బి గ్రూపు ఆడవాళ్లకు అండాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువన్న మాట వాటిలో ఒకటి. మన దేశంలో దాదాపు మూడో వంతు మందిది బి గ్రూపే కాబట్టి, ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎంతవరకు నిలిచిందో తేల్చుకోవడం అవసరం.

వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తం గ్రూపులను వివరించారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో హిర్స్‌ఫెల్డ్ దంపతులు సలోనికాలో వేలాది సైనికుల రక్తాన్ని పరీక్షించి, 1919లో ఫలితాలు ప్రకటించారు. యూరప్ సైనికుల్లో ఎ ఎక్కువగా, భారతీయ సైనికుల్లో బి ఎక్కువగా కనిపించింది. దాంతో బి గ్రూపు పుట్టిల్లు భారతదేశమేనని వారు ఊహించారు. లెక్క సరైనదే, ఊహ మాత్రం నిలవలేదు. మనుషులు పుట్టకముందే వానర పూర్వీకుల్లో ఈ గ్రూపులు ఉన్నాయని తర్వాతి జన్యుశాస్త్రం చూపింది. 1927లో జపాన్‌లో ఫురుకావా మనిషి స్వభావాన్నే గ్రూపుతో ముడిపెట్టారు. 1953లో బ్రిటన్ వైద్యులు మాత్రం ఎ గ్రూపువారిలో కడుపు క్యాన్సర్ కొంచెం ఎక్కువని గట్టి ఆధారంతో చూపారు. ఆ తర్వాత ప్రతి క్యాన్సర్‌కూ ఒక గ్రూపును వెతకడం మొదలైంది.

అండాశయం వంతు 2011లో వచ్చింది. అమెరికాలో సుమారు 49 వేల మంది నర్సుల సమాచారాన్ని పరిశీలిస్తే, బి గుణం ఉన్నవారిలో ముప్పు 40 శాతం దాకా ఎక్కువనిపించింది. కానీ ఆ జబ్బు వచ్చినవారు 234 మందే. అంత చిన్న సంఖ్యలో యాదృచ్ఛికమైన తేడా కూడా పెద్దదిగా కనిపించవచ్చు. 2012లో పలు అధ్యయనాల్లోని వేలమంది రోగుల జన్యువులను కలిపి చూస్తే బి గ్రూపుకు సంబంధమే కనిపించలేదు. ఎ గ్రూపుకు కనిపించిన తేడా 10 శాతం లోపే. ఆ పరిశోధనల్లో ఎక్కువమంది పాశ్చాత్య మహిళలే కదా, మనకెలా వర్తిస్తాయని అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. అయితే బి గ్రూపు బలమైన కారణమే అయితే, అది పుష్కలంగా ఉన్న మన దేశంలో ఈ జబ్బు యూరప్ కంటే ఎక్కువ ఉండాలి. నిజానికి తక్కువ. కాన్పుల సంఖ్య, ఆయుర్దాయం, నిర్ధారణ సౌకర్యాల్లో తేడాలున్నందున ఈ పోలిక ఒక్కటే రుజువు కాదు. బి గ్రూపును దోషిగా నిలబెట్టడానికి ఆధారం లేదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

ముప్పు కొంచెమే అయినా ముందే పరీక్షలు చేయించుకుంటే మంచిది కదా అన్నది మరో వాదన. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా మహిళలతో సాగిన పరీక్షల ఫలితం 2021లో వెలువడింది. ఏ లక్షణమూ లేనివారికి ఏటా రక్తపరీక్ష చేసినా, స్కానింగ్ చేసినా మరణాలు తగ్గలేదు. అసలు బరువు వయసుది, కుటుంబ చరిత్రది. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉంటే జీవితకాలంలో ముప్పు 40 శాతం దాకా వెళ్తుంది. ఏ రక్తం గ్రూపూ దాని దరిదాపులకు రాదు. ఇక గ్రూపు విలువ ఎక్కడుందో మహారాష్ట్రే లోకానికి చూపింది. 1952లో భెండే బృందం కనుగొన్న బాంబే గ్రూపువారు మామూలు పరీక్షలో ఓ గ్రూపులా కనిపిస్తారు కానీ, ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. గ్రూపు కార్డు అందుకోసం. అండాశయ క్యాన్సర్ విషయంలో దుర్గాపూర్ మహిళను అడగాల్సిన ప్రశ్నలు వేరు: అమ్మకో, అక్కచెల్లెళ్లకో, మేనత్తకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా? కడుపుబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, పొత్తికడుపు నొప్పి వారాల తరబడి వదలడం లేదా? వీటికి అవునన్న జవాబు వస్తే, ఆమెది ఏ గ్రూపైనా, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.