మోయిల్‌వ్రె తీరాన ఒక గురువుగారి రిజిస్టరు



అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మీకు బాగా తెలుసు. పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కి బద్దలైంది. అయినా అందులోని 276 మందీ మెలితే ద్వీపపు ఒడ్డుకు చేరారు. ఈ భాగం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కొడుకును సముద్రంలో పోగొట్టుకున్న ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ ఓడలో అందరూ బ్రతికారు గదా, మరి మావాడి పడవలో ఒక్కరూ ఎందుకు రాలేదు?" అని అడిగింది. సెమినరీలో చదివినదేదీ ఆ సమయానికి నా నోటికి రాలేదు. ఆ ప్రశ్నతోనే ఈ దినాన మిమ్మల్ని ఒక దూరపు పల్లెకు తీసుకొని వెళ్తాను.

బ్రిటన్‌లో పడమటి వైపున వేల్స్ దేశం ఉంది. దాని వాయవ్య మూలన ఆంగిల్సీ అనే ద్వీపం. అక్కడివారు తమ వేల్ష్ భాషలో దానిని అనిస్ మోన్ అంటారు. ఆ ద్వీపపు తూర్పు తీరాన మోయిల్‌వ్రె అనే చిన్న పల్లె ఉంది. ఆ పేరుకు బోడికొండ అని అర్థం. గులకరాళ్ల ఒడ్డు, మెట్లు మెట్లుగా నీటిలోకి దిగే సున్నపురాతి బండలు, ఎదురుగా ఒక చిన్న దీవి. ఊరు దాటి పొలాల్లోకి నడిస్తే మూడు కాలాల రాళ్లు దగ్గర దగ్గరగా కనబడతాయి. మొదటిది కొత్తరాతియుగపు సమాధి. దాని మీద కప్పిన బండ ఒక్కటే సుమారు 25 టన్నుల బరువుంటుందట. మన తెలంగాణలో రాకాసి గుళ్లను చూసినవారు దీనిని ఊహించుకోగలరు. 1908, 1909లలో తవ్వినప్పుడు దానిలో అనేకుల ఎముకలు దొరికాయి. రెండవది దిన్ లిగ్వి, రోమీయుల పాలన చివరి రోజుల నాటి ఇళ్ల పునాదులు. మూడవది 12వ శతాబ్దపు చిన్న ప్రార్థనాలయం. దానికిప్పుడు కప్పు లేదు, గోడలే ఉన్నాయి. మృతులను జాగ్రత్తగా భూమికి అప్పగించడం ఆ నేలకు కొత్త సంగతి కాదు. అయితే 1859లో ఆ ఊరి మీద పడిన భారం మాత్రం ఏ ఊరూ మోయలేనిది.

ఆ సంవత్సరం ఆగస్టు 26న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుండి రాయల్ చార్టర్ అనే ఓడ లివర్‌పూల్‌కు బయలుదేరింది. ఇనుముతో కట్టిన ఓడ, తెరచాపలతోబాటు ఆవిరి యంత్రం కూడా ఉంది. బంగారు గనుల్లో కష్టపడి సంపాదించుకొని కుటుంబాలతో ఇంటికి మళ్లినవారు దానిలో చాలామంది. 3 లక్షల 20 వేల పౌండ్లకు పైగా విలువైన బంగారం సరుకుగా ఉంది. ప్రయాణికుల నడికట్లలో, పెట్టెల్లో ఉన్నది వేరే. రెండు నెలల ప్రయాణం చేసి, అక్టోబరు 25 సాయంకాలానికి ఆంగిల్సీ తీరం వెంట వచ్చారు. లివర్‌పూల్ ఇంక కొన్ని గంటల దూరమే.

ఆ రాత్రి గాలి ఈశాన్యానికి తిరిగి పెనుతుపానైంది. ఓడ రెండు లంగరులు వేసి నిలబడింది. అర్ధరాత్రి దాటాక ఒక గొలుసు తెగింది. మరో గంటకు రెండవదీ తెగింది. తెరచాప స్తంభాలు నరికివేసినా ఓడ ఆగలేదు. తెల్లవారేసరికి మోయిల్‌వ్రెకు ఉత్తరాన, ఒడ్డుకు కొద్ది గజాల దూరంలో రాళ్ల మీద పడింది.

గమనించండి, అప్పుడు ఓడలోనుండి ఒక నావికుడు తాడు తీసుకొని ఆ అలల్లోకి దూకి ఒడ్డుకు చేర్చాడు. అతడు మాల్టా ద్వీపస్థుడు, జోసెఫ్ రాడ్జర్స్ అని పిలిచేవారు. పౌలు కాలుమోపిన మెలితే ఈ మాల్టాయే. ఊరినుండి పరుగెత్తి వచ్చిన 28 మంది పురుషులు చేయి చేయి పట్టుకొని నురగలోకి దిగారు. ఆ తాడు ఆధారంగా కొందరు బయటపడ్డారు. ఇంతలో ఓడ నడిమికి విరిగిపోయింది. దాదాపు 450 మంది చనిపోయారు. బ్రతికినవారు సుమారు 40 మంది, వారిలో ఒక్క స్త్రీ గాని, ఒక్క బిడ్డ గాని లేరు. చాలామందిని మింగినది నీరు కాదు, రాళ్ల మీద విసిరిన అలలే.

ఒడ్డుకు కాస్త లోపలగా లన్‌ఆల్గో అనే చోట ఒక చిన్న చర్చి ఉంది. అక్కడి గురువు స్టీఫెన్ రూస్ హ్యూస్. అప్పటికి ఆయనకు నావలె నలభై దాటిన వయస్సు. ఆయన దేవాలయంలోని సామాను తీయించి, మృతదేహాలను లోపల పరుండబెట్టించారు. ఒక సమయంలో 44 దేహాలు అక్కడ ఉన్నాయి. ఆయన ప్రతి దేహాన్ని చూసి రిజిస్టరులో రాశారు: జుట్టు రంగు, బట్టల మీది గుర్తులు, పచ్చబొట్టు, జేబులో ఉన్నవి. ప్రతి వర్ణనకు ఒక నంబరు, అదే నంబరు శవపేటిక మీద, సమాధి మీద. తరువాత ఎవరైనా బంధువు వచ్చి గుర్తుపడితే వెదికి చూపించడానికే ఇది. ఆయన ఇంటి స్త్రీలు కూడా ఆ దేహాల మధ్యకు వచ్చి, గుర్తులు చూసి సహాయపడ్డారు. ఆ సమాధుల తోటలో దాదాపు 140 మందిని పాతిపెట్టారు. పక్క గ్రామంలో గురువుగా ఉన్న ఆయన సహోదరుడు మరికొందరిని సమాధి చేశారు.

ఇక ఉత్తరాలు రావడం మొదలైంది. ఆ డిసెంబరు చివర సుప్రసిద్ధ రచయిత చార్లెస్ డికెన్స్ అక్కడికి వెళ్లి, ఆయన ఇంట్లో కూర్చొని ఆ ఉత్తరాలు చదివారు. దుఃఖిస్తున్న కుటుంబాలకు గురువుగారు స్వహస్తాలతో రాసిన జవాబులు 1,075 అని డికెన్స్ లెక్క రాశారు. లివర్‌పూల్‌లోని యూదుల సమాజం కూడా, తమవారి దేహాలను గౌరవించినందుకు ఆయనకు కృతజ్ఞతలు పంపింది. ఎవరి మతం ఏమిటని ఆయన చూడలేదు. రెండేళ్లు దాటగానే, 1862 ఫిబ్రవరిలో, 47వ యేట ఆయన కన్నుమూశారు. ఆ శ్రమే ఆయనను కృంగదీసిందని అక్కడివారు చెప్పుకొంటారు. ఆయన సమాధి కూడా ఆ తోటలోనే ఉంది.

ప్రియులారా, ఆ దుఃఖం వ్యర్థం కాలేదు. ఆ తుపానులో బ్రిటన్ చుట్టూ 133 ఓడలు మునిగి, సుమారు 800 మంది చనిపోయారు. దాంతో వాతావరణ శాఖ అధికారి ఫిట్జ్‌రాయ్ పట్టుబట్టి, 1861లో రేవులకు తంతి ద్వారా తుపాను కబురు పంపి, గుర్తు ఎగురవేసే పద్ధతి మొదలుపెట్టారు. మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని రేడియోలో విని మన జాలరులు పడవలు కట్టివేస్తారు గదా, అదీ ఆ కోవలోనిదే. 1959 అక్టోబరు 27న, సరిగ్గా నూరేళ్ల మీద ఒక దినానికి, ఆ రాళ్లకు దగ్గరలోనే హిండ్లియా అనే చిన్న ఓడ తుపానులో చిక్కుకుంది. మోయిల్‌వ్రె లైఫ్‌బోటు నడిపిన రిచర్డ్ ఎవాన్స్, అతని తోటివారు మళ్లీ మళ్లీ ఆ ఓడ పక్కకు వెళ్లి ఎనిమిది మందినీ రక్షించారు. ఈసారి ఒక్కరూ పోలేదు.

మరి ఆ తల్లి ప్రశ్నకు జవాబు దొరికిందా? లేదు. ఒక ఓడలో అందరూ ఎందుకు బ్రతికారో, ఇంకొక ఓడలో ఎందుకు చనిపోయారో నేను చెప్పలేను. హ్యూస్ గారూ ఆ ఉత్తరాల్లో ఆ రహస్యం విప్పి ఉంటారని నేను అనుకోను. వారికి కావలసినది, "మీ అబ్బాయిని చూశాను, గౌరవంగా సమాధి చేశాను, చోటు ఇదిగో" అన్న మాట. అరిమతయియ యోసేపు కూడా సిలువ దగ్గర ప్రసంగం చేయలేదు, దేహాన్ని అడిగి తీసుకొని సమాధిలో ఉంచాడు.

నేను ఆ తల్లి ఇంటికి మళ్లీ వెళ్లాను. ఈసారి వాక్యం వివరించలేదు. కొడుకు పేరు, వయస్సు, ఆ రోజు ఏ చొక్కా వేసుకొని వెళ్లాడో అడిగాను. ఆమె రెండు గంటలు మాట్లాడింది. నేను రాసుకున్నాను.

మీ సంఘంలో అటువంటి ఇల్లు ఒకటి ఉంటుంది. ఈ వారం వెళ్లండి. జవాబు లేదని ఆగిపోవద్దు. దుఃఖించువారిని ఓదార్చే దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.