హోసూరు మిట్ట, రెండు ఇంజన్లు

కృష్ణగిరి నుంచి హోసూరుకు దూరం సుమారు 50 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే రోడ్డు దాదాపు 400 మీటర్లు పైకెక్కుతుంది. శూలగిరి దాటాక మామిడితోటల వేడి వెనకబడి మొరసునాటి చల్లగాలి తగులుతుంది. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను వేసుకుని ఏసీ ఆపకుండా ఈ మిట్ట ఎక్కితే చాలు, ఇంజను సత్తా ఎంతో తెలిసిపోతుంది. డీజిల్ కారు కొనాలా, కాస్త పెద్ద పెట్రోల్ ఇంజను ఉన్నది కొనాలా అనే తర్జనభర్జన ఈ దారి మీద ఉత్త కబుర్లకు పుట్టింది కాదు.

ఆ రెండు ఇంధనాలకూ హోసూరు పుట్టిల్లు లాంటిదే. 1970లలో ఇక్కడ సిప్‌కాట్ పారిశ్రామికవాడ వెలిసింది. 1980లో అశోక్ లేలాండ్ తన లారీల కర్మాగారం తెరిచింది. అదే ఏడాది ఇదే ఊరి నుంచి టీవీఎస్ 50 మోపెడ్ బయటికొచ్చింది. ఒకటి డీజిల్ తాగే లారీ, ఇంకొకటి గుక్కెడు పెట్రోల్‌తో బజారుకు వెళ్లొచ్చే బండి. సరుకు మోయడానికి డీజిల్, మనిషి తిరగడానికి పెట్రోల్ అన్న పంపకం ఇక్కడ కళ్లెదుటే ఉండేది.

కార్ల దగ్గరికొచ్చేసరికి ఈ పంపకాన్ని అంబాసిడర్ చెరిపేసింది. 1980 నాటికే అందులో డీజిల్ రకం ఉంది. పెట్రోల్‌కూ డీజిల్‌కూ సామర్థ్యం ఒకటే, 1489 సీసీ. డీజిల్‌ది బలం మాత్రం 37 హార్స్‌పవరే. చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గు వేడెక్కేదాకా ఆగాలి, స్టార్టయ్యాక ఊరంతా లేపే మోత భరించాలి. 1990లలో హిందుస్థాన్ మోటార్స్ అదే అంబాసిడర్‌కు ఇసుజు 1817 సీసీ పెట్రోల్ ఇంజను, ఐదు గేర్లు పెట్టి 1800 ఐఎస్‌జెడ్ పేరుతో అమ్మింది. దాని బలం 75 హార్స్‌పవర్. అంటే డీజిల్ బండికి రెండింతలు.

అయినా అద్దెకు తిప్పేవాళ్లు డీజిల్‌నే పట్టుకున్నారు. లారీలు, బస్సులు, పొలాల్లో ఇంజన్లు దాని మీదే నడుస్తాయి కాబట్టి ప్రభుత్వాలు డీజిల్ ధరను అదిమిపెట్టేవి. మిట్టమీద బండి నిదానంగా ఎక్కినా నష్టం లేదు. బంకు దగ్గర మిగిలేదే లాభం.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గుతో పని లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. ఆ నొక్కుడు ఎక్కువ కావడం వల్ల ఇంధనం నుంచి ఎక్కువ పని రాబట్టగలదు. పైగా లీటరుకు లీటరు చూస్తే పెట్రోల్ కంటే డీజిల్‌లో శక్తి ఎక్కువ. 1998 డిసెంబర్ చివర టాటా ఇండికా 1405 సీసీ డీజిల్ ఇంజనుతో వచ్చి, ఈ పొదుపును చిన్న కారులోకి దింపింది. 2002లో హ్యుందాయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐతో కామన్ రైల్ పరిజ్ఞానం వచ్చాక మోత తగ్గింది, పికప్ పెరిగింది.

అసలు మలుపు కార్ఖానాలో కాదు, పార్లమెంటులో తిరిగింది. 2006 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి పి. చిదంబరం చిన్న కారుకు కొలత గీశారు. పొడవు నాలుగు మీటర్లు మించకూడదు. ఇంజను పెట్రోల్‌ది అయితే 1200 సీసీ లోపు, డీజిల్‌ది అయితే 1500 సీసీ లోపు ఉండాలి. ఆ గీత లోపల ఉంటే ఎక్సైజ్ సుంకం 16 శాతం, దాటితే 24 శాతం.

మారుతి స్విఫ్ట్ ఈ గీతకు అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడింది. దాని పెట్రోల్ ఇంజను 1298 సీసీ, కాబట్టి పెద్ద కారు లెక్కలో పడింది. 2007లో వచ్చిన డీజిల్ ఇంజను 1248 సీసీ, కాబట్టి చిన్న కారే. పెట్రోల్‌ది 87 హార్స్‌పవర్, డీజిల్‌ది 75. చక్రాన్ని తిప్పే బలం, అంటే టార్క్, పెట్రోల్‌కు 113 న్యూటన్ మీటర్లయితే డీజిల్‌కు 190, అదీ 2000 ఆర్‌పీఎం దగ్గరే. శూలగిరి ఎక్కుడులో గేరు దించే అవసరం తగ్గించేది ఆ 190. చివరికి 2010లో మారుతి స్విఫ్ట్‌కు 1197 సీసీ పెట్రోల్ ఇంజను పెట్టింది. 2012లో స్విఫ్ట్‌కు సెడాన్ రూపమైన డిజైర్ డిక్కీని కత్తిరించి మొత్తం పొడవును 3995 మిల్లీమీటర్లకు దించింది.

అదే 2012 మే నెలలో ఢిల్లీలో లీటరు పెట్రోల్ 73 రూపాయలు దాటింది, డీజిల్ 41 దగ్గరే ఉంది. హోసూరు నుంచి బెంగళూరుకు రోజూ 80 కిలోమీటర్లు పోయొచ్చే ఉద్యోగి నెలకు 2000 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే పెట్రోల్ కారుకు ఆ ధరల్లో 9,700 రూపాయలవుతుంది. 20 ఇచ్చే డీజిల్ కారుకు 4,100 చాలు. కారు ధరలో లక్ష ఎక్కువ పెట్టినా ఏడాదిన్నరలో వచ్చేస్తుంది. వారానికోసారి దగ్గర్లోని తళికో బాగలూరుకో వెళ్లొచ్చే మనిషికి మాత్రం ఏళ్లు గడిచినా ఆ లక్ష తిరిగిరాదు.

2014 అక్టోబర్‌లో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశారు, ధరల తేడా చాలావరకు కరిగిపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. పొగను వడకట్టే సరంజామా ఖర్చు చిన్న డీజిల్ కారుకు మోయలేని భారమైంది. మారుతి డీజిల్ కార్లే మానేసింది.

కృష్ణగిరి జిల్లా ఆ తర్వాత మూడో దారి పట్టింది. హోసూరులో ఏథర్, పోచంపల్లిలో ఓలా విద్యుత్ స్కూటర్లు తయారుచేస్తున్నాయి. పాత గీత మాత్రం చెరగలేదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మార్చినప్పుడు 18 శాతం పన్ను పడే కారేది, 40 శాతం పడేదేది అని తేల్చడానికి వాడిన కొలతలు మళ్లీ అవే: నాలుగు మీటర్ల పొడవు, పెట్రోల్‌కు 1200 సీసీ, డీజిల్‌కు 1500 సీసీ.